పచ్చంటే ఏ పచ్చ?

గట్టయ్య జొన్నల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి బెల్లం కోసం వెతుకుతున్నాడు.

అప్పటికే ఉట్టి దించాడు. కారం సీసా, ఉప్పు జాడీ, పప్పు గురిగి వాకిట్లో బారుగా నిలబడి ఉన్నాయి. అటక మీది గోనెసంచి దులిపితే ఎలుకపిల్ల ఒకటి ఉరికింది తప్ప బెల్లం ముక్క రాలలేదు. మంచిర్యాల రైల్వే క్వార్టర్లలో పోలీసులు కూడా ఏ ఇంటినీ అంత శ్రద్ధగా సోదా చేసి ఉండరు.

లస్మవ్వ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ చప్పుళ్ళన్నీ వింటున్నది. ఆమె కళ్ళ ముందర ఉన్నది తెల్లటి మసక. ఆ మసకలో అటూ ఇటూ తిరిగే నల్లటి ఆకారం ఒకటి. మూలుగును బట్టి, బీడీ వాసనను బట్టి అది తన మొగుడేనని ఆమెకు తెలుసు.

“దొరికిందా?” అంది.

“నోరు ముయ్యి.”

“దొరికితె నాకు జరంత వెట్టు. యాడాదాయె బెల్లం మొకం సూడక.”

గట్టయ్యకు ఒళ్ళు మండింది. మండదా మరి! నిన్న బడిలో పెట్టిన కండ్ల క్యాంపులో అంతమంది ముందు పరువు పోయింది. లస్మవ్వ రెండు కళ్ళలోనూ మోతిబిందు, అదే శుక్లం, ముదిరింది, కోసి ఆ పొర తీసేద్దాం అన్నారు డాక్టర్లు. తీరా లోపలికి తీసుకుపోయే ముందు మూత్రం పరీక్ష చేసి ముఖం చిట్లించారు. ‘ఒంటినిండా షక్కర్ పెట్టుకుని కన్ను కోయమంటారా? పుండు మానదు, చీము పడుతుంది, ఉన్న కన్ను పోతుంది. తీసుకుపోండి’ అన్నారు.

క్యాంపు ఇంకో వారం ఉంటుంది. ఎత్తేశారంటే మళ్ళీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికి ఎరుక? ఈలోపు ఒంట్లో షక్కర్ దిగితే లస్మవ్వకు చూపు. దిగకపోతే ఈ మసకే మిగిలేది.

గట్టయ్యను తొలిచేస్తున్న అనుమానం ఒక్కటే. ఏడాదిగా బజారు దవఖానా డాక్టరిచ్చిన మందుతో ప్రతి వారం ఇంట్లో పరీక్ష చేస్తే కనపడని షక్కర్ క్యాంపులో ఎక్కడినుంచి ఊడిపడింది? ఈమెకు ఎవరో దొంగచాటుగా తీపి పెడుతున్నారు. లేదా ఈమే తింటున్నది.

“సక్కగ జెప్పు. యాడ దాసినవ్?”

“వేములవాడ రాజన్న మీద ఒట్టు. నేను తింటలేను.”

“మొన్న ముత్తయ్య వచ్చిండు గద బెల్లంపల్లి నుంచి. అవ్వ మీద ప్రేమతోని వాడేమన్న తెచ్చిండా?”

“బెల్లంపల్లిల బెల్లం దొరుకుతదని ఎవలు జెప్పిండ్రయ్యా నీకు? బొగ్గు దొరుకుతది. నీ కొడుకు జేసేది బొగ్గుబాయిల, మిఠాయి దుకాండ్ల గాదు.”

పొయ్యి దగ్గర కూర్చున్న కోడలు నర్మద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు బయటపడనే పడింది.

“నువ్వు నవ్వకు పిల్లా!” గట్టయ్య ఆమె మీదికి తిరిగాడు. “ఐతారం ఐతారం పరీక్ష జేసేది నువ్వే గద? మంచిగున్నది మామా అనేది నువ్వే గద? అత్తకోడండ్లు ఒక్కటై నన్ను బేకూఫ్‌ను జేస్తుండ్రా?”

నర్మద నవ్వు టక్కున ఆగింది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవాలంటారు. ఇక్కడ మామ మీది కోపం జొన్నపిండి మీదికి మళ్ళింది. రొట్టె కొట్టే చప్పుడు రెండు క్వార్టర్ల అవతలికి వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

లస్మవ్వకు పడనిది ఈ మౌనమే. కళ్ళున్న వాళ్ళకు మాట ఆగినా ఎదుటి ముఖం ఉంటుంది. కోపంగా ఉన్నారో ఏడుస్తున్నారో చూసుకోవచ్చు. లస్మవ్వకు మాట ఆగిందంటే ఆ మనిషి ఇంట్లోంచి వెళ్ళిపోయినట్టే. అందుకే ఈ మధ్య ఎవరూ మాట్లాడకపోతే తానే ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటుంది. ఎదుటివాళ్ళు తిట్టినా సరే, అక్కడ మనిషి ఉన్నట్టు తెలుస్తుంది కదా!

మొదట్లో ఆమె తప్పంతా దీపం చిమ్నీ మీదికి తోసింది. ‘చిమ్నీ తుడుస్తలేవు, మసి వట్టింది’ అని కోడలితో రోజూ తగాదా. పాపం నర్మద బూడిద పెట్టి తోమీ తోమీ ఒక చిమ్నీ పగలగొట్టింది కూడా. ఆఖరికి ఒకనాడు లస్మవ్వ దండెం మీద ఆరేసిన బొంతను పక్కింటి భూమవ్వ అనుకుని, ‘ఏందే, గట్ల నిలవడ్డవు? లోపటికి రా, కూసో’ అని చాలాసేపు బతిమాలింది. బొంత రాకపోయేసరికి, ‘ఊ, పెద్దింటి బిడ్డవైనవ్’ అని అలిగింది కూడా. గుట్టు అలా రట్టయింది.

ఆ భూమవ్వే ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి వాకిట్లో జాడీల వరుస చూసి నోరు తెరిచింది.

“ఏందక్కా, ఇల్లు మారుతుండ్రా?”

“లేదే, మా ఇంట్ల బెల్లం దొంగ వడ్డడు” అంది లస్మవ్వ. “పట్టుకుంటుండు మా ఆయన.”

నర్మద చేతులు కడుక్కుని లేచింది. ఆమె గాజులు గలగలమన్న తీరులోనే లస్మవ్వకు సంగతి అర్థమైంది. ఖానాపూర్ పిల్ల, నెమ్మదస్తురాలే కానీ, అబద్ధాలాడుతున్నావంటే మాత్రం పడదు.

“ఇప్పుడే పరీక్ష జేస్త. అందరి ముందట జేస్త. మామ గూడ సూడాలె. వారం వారం గడపల నిలవడి, నెత్తికి టోపి వెట్టుకుని, ఏం రంగొచ్చిందే అని అడుగుడే గని, ఒక్కనాడన్న దగ్గరికొచ్చి సూసిండా?”

“గవన్ని నేను సూసే పనులా?” గట్టయ్య గొణిగాడు.

“దొంగతనం మోపెటందుకు మాత్రం పనికొస్తయా?”

భూమవ్వ గడప మీద చతికిలబడింది. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిన సంగతి ఆమెకు గుర్తుంది. అయినా ఇలాంటి సమయంలో లేచి వెళ్ళేదెవరు?

లస్మవ్వ గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, కాలి బొటనవేలితో మెట్టు వెతుక్కుంటూ పెరట్లోకి పోయి చిన్న గిన్నెతో వచ్చింది. “సిగ్గు శరం లేని రోగం తల్లీ” అంటూ కోడలి చేతికిచ్చింది.

నర్మద గాజు గొట్టంలో డాక్టరిచ్చిన నీలం మందు పోసింది. అందులో చుక్కలు వేసింది. గొట్టాన్ని పట్టకారుతో పట్టి దీపం మీద పెట్టింది. షక్కర్ లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే రంగు మారుతుంది. మందు బుడబుడమని ఉడకసాగింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

“సూడుండ్రి!” నర్మద గొట్టం ఎత్తి వెలుతురులో పెట్టింది. “పచ్చగ అయ్యిందా లేదా? వారం వారం గిట్లనే అయితుంది. నేను అబద్ధం జెప్తున్ననా?”

గట్టయ్య తల దగ్గరికి వంచాడు. వంచినవాడు వంచినట్టే ఉండిపోయాడు.

“ఏది పచ్చ?”

“గిదే.”

“గిది పచ్చనా? గిది పసుపు గాదే?”

“పసుపు పచ్చగుండక నల్లగుంటదా మామా?”

“అరే, పచ్చంటే జెండ పచ్చ! బండి పొమ్మని గార్డు ఊపుతడు సూడు, గా పచ్చ! ఆకు లెక్కటి పచ్చ!”

“మా ఖానాపూర్ల గార్డు యాడికెల్లి వస్తడు? రైలే లేదు. పెండ్లినాడు నేను పచ్చబట్టలు గట్టుకున్న. అవి నీ జెండ లెక్క ఉండెనా?”

“ఔ మల్ల, పెండ్లిబట్టలు పచ్చయే గద” అంది భూమవ్వ. వెంటనే, “చెట్లను గూడ పచ్చగున్నయనే అంటం. ఇద్దరి మాట నిజమే” అని తీర్పు కూడా చెప్పేసింది.

లస్మవ్వకు గొట్టం కనపడలేదు, రంగూ కనపడలేదు. కానీ జరిగిందేమిటో ఆ ఇంట్లో అందరికంటే ముందు ఆమెకే కనపడింది.

“ఏమయ్యా, డాక్టర్ నీకు రంగులు జెప్పినప్పుడు ఏమేం జెప్పిండు?”

“నీలం మంచిది అన్నడు. పచ్చ అయితె నడుస్తదన్నడు. ఎర్ర అయితె ఉరికి రమ్మన్నడు.”

“పచ్చకు ఎర్రకు నడుమ ఏం జెప్పలేదా?”

గట్టయ్య దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

“జెప్పిండా లేదా?”

“జెప్పిండు... పసుపు అయితె గూడ షక్కర్ ఉన్నట్టే, రమ్మన్నడు.”

“మరి మాకేమని జెప్పినవ్?”

“ఎర్రకు ఆపుడు, పచ్చకు ఇడుసుడు. గంతే గద అనుకున్న.”

ఆయన తప్పు కూడా కాదు పాపం. పాయింట్స్‌మన్‌గా రైళ్ళకు పట్టాలు మార్చే ఉద్యోగం చేస్తున్న ఇన్నేళ్ళలో ఆయన చేతిలో ఉన్నవి రెండే జెండాలు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. మూడో రంగుతో ఆయనకు పని పడలేదు. డాక్టరు చెప్పిన మాటల్లోంచి తన జెండాలకు సరిపోయేవే ఇంటికి మోసుకొచ్చాడు. ఇక్కడ కోడలు పసుపు చూసి పచ్చ అంటే, అక్కడ డాక్టరుకు పచ్చ అని చేరవేశాడు. డాక్టరేమో ఆకుపచ్చ అనుకుని, అవే మందు గోలీలు వాడమన్నాడు.

లస్మవ్వకు నవ్వు కడుపులోంచి తన్నుకొచ్చింది.

“యాడాది సంది నా ఒంట్లెకు షక్కర్ బండిని నువ్వే జెండ ఊపి తోలుతున్నవ్ గదయ్యా!”

భూమవ్వ గడప మీదే పడి నవ్వింది. నర్మద నవ్వింది. గట్టయ్య కూడా, నవ్వాలో ఏడవాలో తెలియక, మీసాల కింద కాసేపు మెలికలు తిరిగి చివరికి నవ్వేశాడు.

నవ్వు సద్దుమణిగాక లస్మవ్వకు భయం వేసింది. నిజంగానే వేసింది. ఏడాదిపాటు షక్కర్ తన ఒంట్లో అడ్డూ ఆపూ లేకుండా తిరిగింది. కళ్ళలో ఇంకా ఏమేం తినేసిందో! చెయ్యి దానంతట అదే కోడలి కోసం తడిమింది. నర్మద పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

“నా వల్లనే అత్తా. ఏ పచ్చ అని ఒక్కసారి అడుగకపోతి.”

“తిలా పాపం తలా పిడికెడు బిడ్డా. నేను గూడ అడుగకపోతి. లే, రొట్టె మాడుతుంది.”

రొట్టె మాడుతున్నట్టు అక్కడ కళ్ళున్న ముగ్గురికీ తెలియలేదు. నర్మద పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. భూమవ్వకు తన పప్పు కూడా గుర్తొచ్చి, “సచ్చిన్రా దేవుడా!” అంటూ ఇంటికి ఉరికింది.

బజారు దవఖానా డాక్టరు సంగతంతా విని నెత్తి కొట్టుకున్నాడు, తర్వాత నవ్వాడు, తర్వాత సూది తీశాడు. గోలీలతో ఇక లాభం లేదు, పొద్దునా సాయంత్రం సూది పడాల్సిందే అన్నాడు. అన్నం మానేసి జొన్నరొట్టె, కాకరకాయ తినమన్నాడు.

ఆ వారం లస్మవ్వ నోటి నుంచి కాకరకాయ పడ్డ తిట్లు ఇంకే కూరగాయా పడి ఉండదు. “ఇది తిని బతికితె బతుకు మీదనే రోత పుడుతది” అంటూనే తిన్నది. సూదికి మాత్రం కిమ్మనకుండా చెయ్యి చాపేది. కన్ను కావాలి ఆమెకు.

పరీక్ష కూడా ఇప్పుడు రోజూ జరుగుతున్నది. అది గట్టయ్య దగ్గరుండి చూసే పని అయింది. డ్యూటీ జెండా చంకలో పెట్టుకొచ్చి గొట్టం పక్కన పట్టేవాడు. నర్మద పెట్టెలోంచి తన పెండ్లి చీర కొంగు తీసి రెండో పక్కన పట్టేది. గొట్టం ఎవరి వైపు మొగ్గితే వాళ్ళ పచ్చ.

“చీరెనే మామా.”

“చీరెనే” అని ఒప్పుకునేవాడు గట్టయ్య, మొఖం వేలాడేసి.

మర్నాడూ చీరే. తర్వాత చీరకూ జెండాకూ మధ్య ఏదో ఒక రంగు వచ్చి మామా కోడళ్ళు పోట్లాడుకున్నారు. క్యాంపు ఎత్తేసే ముందురోజు పొద్దున మాత్రం గట్టయ్య అరిచిన అరుపుకు అవతలి క్వార్టర్ల వాళ్ళు రైలు పట్టా తప్పిందేమోనని బయటికి వచ్చారు.

“జెండ! జెండ పచ్చ! పొద్దున్నె జెండ పచ్చ!”

అలా జెండా ఊపగానే బండి బయలుదేరినట్టు క్యాంపుకు పోయారు ముగ్గురూ. అక్కడ మళ్ళీ పరీక్ష చేసి సరే అన్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన కళ్ళ డాక్టరు లస్మవ్వ రెప్పలెత్తి టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఆ సేపంతా ఆయన ఏమీ అనకపోవడం లస్మవ్వకు నచ్చలేదు.

“ఏమన్న మాట్లాడుండ్రి సారూ. ఉన్నరా, పోయిండ్రా?”

ఆయన నవ్వి, మెల్లగా చెప్పాడు. “పొర తీసేస్తానమ్మా. కానీ పొర వెనకాల, కంటి లోపల ఎలా ఉందో ఇప్పుడు నాకు కనిపించదు. షక్కర్ అక్కడ కూడా దెబ్బ తీసి ఉంటే పొర తీసినా చూపు రాకపోవచ్చు. తీశాకే తెలుస్తుంది. మాట ఇవ్వలేను.”

బెంచీ మీద గట్టయ్య కదిలిన చప్పుడైంది.

“పోదాం పా, ఇంటికి.”

“ఎందుకు?”

“రాదంటుండు గద.”

“రాదనలే. రాకపోవచ్చు అన్నడు. మాటల నడుమ సగం ఇడిసిపెట్టుడు నీకు అలవాటే గద!”

“ఉన్న మసకన్న ఉంటది, లస్మీ. గోడ వట్టుకొని తిరుగుతున్నవ్. గది గూడ పోతె? నా జెండ వల్ల ఒక్కపారి ఆగమైనవ్. ఇంకోపారి నా చేతుల మీద కానియ్య.”

ఇన్ని రోజులూ ఈ మనిషి జెండా పట్టుకుని గంతులేసింది ఈ బాధను దాచుకోవడానికా? లస్మవ్వ ఆ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది.

“నీ మొకం సూసి రెండేండ్లు దాటింది. నువ్వేమంత అందగానివి గాదు గని, నాకు సూడాలనున్నది. మసకల కూసొని ఎంతకాలం జ్ఞాపకం జేసుకోవాలె? ఇంట్ల ఎవలున్నరో తలుపు తీస్తెనే గద తెలిసేది!”

కాంపౌండరు కాగితం తెచ్చి, కోయడానికి ఒప్పుకుంటున్నట్టు భార్యాభర్తలిద్దరి వేలిముద్రలు కావాలన్నాడు. గట్టయ్య రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడని నర్మద అత్త చెవిలో చెప్పింది.

“కన్ను నాది, ఏలు నాది” అంది లస్మవ్వ. సిరా డబ్బా తడిమి బొటనవేలు ముంచి, కాగితం ఉందనుకున్న చోట గట్టిగా ఒత్తింది.

“అమ్మా, అది నా కోటు” అన్నాడు డాక్టరు.

“ముద్ర వడ్డదా లేదా సారూ?”

“పడింది. ఉతికినా పోదు.”

క్యాంపులో పడుకుని ఉన్న కట్లకళ్ళ వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఒక చెయ్యి వచ్చి లస్మవ్వ బొటనవేలు పట్టుకుంది. పాయింట్ల లీవరు గుంజీ గుంజీ కాయలు కాసిన చెయ్యి. చూడనక్కరలేదు ఆమెకు. ఆ చెయ్యి ఆమె వేలిని మళ్ళీ సిరాలో ముంచి, తీసుకుపోయి, కాగితం మీద మెల్లగా ఆనించింది. పక్కనే ఇంకో వేలు ఆనిన చప్పుడు కూడా ఆమెకు వినపడింది.

లోపల బల్ల మీద పడుకోబెట్టారు. కంట్లో చుక్కలు వేస్తే మండింది. పక్కన మత్తు సూది పొడిచారు. లస్మవ్వ ఆ ఊరు ఈ ఊరు, కాకరకాయ, భూమవ్వ మాడిన పప్పు అన్నీ చెబుతూనే ఉంది. తెర అవతల గట్టయ్య దగ్గు వినిపిస్తున్నది. తన మాట ఆయనకు చేరుతున్నదని ఆమెకు ధైర్యంగా ఉంది.

“ఇక మాట్లాడకూడదమ్మా” అన్నాడు డాక్టరు. “నవ్వకూడదు. పెదవి కదిలినా కన్ను కదులుతుంది. కత్తి జారితే నేనేం చేయలేను.”

“ఒక్కటి జెప్పి ఆపుత సారూ...”

“అమ్మా.”

ఆమె నోరు మూసింది.

కాసేపటికి తెర అవతల దగ్గు ఆగింది.

“లస్మీ!” అన్నాడు గట్టయ్య.

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన పిలిస్తే పలకని రోజు లేదు. తిట్టుకుంటూనైనా పలికింది, అలిగి మూలన కూర్చుని కూడా ‘ఏంది’ అనే పలికింది. ఇప్పుడూ ఆ మాట నాలుక చివరన ఉన్నది. తెల్లటి మసకలో తళుక్కుమన్నదేదో దగ్గరికి వస్తున్నది.

“అరవకు మామా, లోపట కోస్తుండ్రు” అంది నర్మద గొంతు.

“మాట ఇనవడ్తలేదే! ఓ లస్మీ, ఉన్నవానే? ఒక్క మాటన్న మాట్లాడు!”

ఆయన గొంతులో ఏడుపు ఆమెకు స్పష్టంగా వినిపించింది. కత్తి కంటి మీదికి వచ్చింది. లస్మవ్వ నాలుకను పళ్ళ మధ్య నొక్కిపట్టుకుని, మొగుడికి బదులు పలకలేదు.